ఈని అయిదు నెలలైనా ఎదకు రాని బర్రెకు మూడు సూదుల పద్ధతి పనికొస్తుందా?

ప్రశ్న: మా ముర్రా బర్రె రెండో ఈత ఈని అయిదు నెలలైంది. ఒక్కసారీ ఎదకు రాలేదు. నెల కిందట రెండు మిల్లీల హార్మోను సూది ఒకటి వేయించాం, ఫలితం లేదు. ఊళ్లో కొందరు వరసగా మూడు సూదులు వేయిస్తున్నారు. మేమూ వేయించవచ్చా? పాలు తగ్గుతాయని, బర్రె గొడ్డుబోతుందని అంటున్నారు, నిజమేనా?
– ఒక రైతు, పొదలకూరు మండలం, నెల్లూరు జిల్లా

జవాబు: వేయించవచ్చు. అయితే అంతకుముందే పశువైద్యునితో చేయి పెట్టించి గర్భకోశం, అండాశయాలు పరీక్ష చేయించండి.

మీరు వేయించింది బహుశా క్లోప్రోస్టినాల్ అయి ఉంటుంది. అండాశయం మీద కార్పస్ లూటియం అనే గడ్డ ఉంటే ఈ మందు దాన్ని కరిగిస్తుంది, రెండు మూడు రోజుల్లో ఎద వస్తుంది. ఆ గడ్డ లేని బర్రెకు ఎంత వేసినా నీళ్లు ఎక్కించినట్టే. ఎద అయిన తొలి అయిదు రోజుల్లో గడ్డ లేతగా ఉంటుంది కనుక అప్పుడూ కరగదు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. మేతకు వెళ్లినచోట దున్న దాటి చూడి కట్టిన సంగతి ఇంట్లో తెలియకపోవడం అరుదేమీ కాదు. చూడి బర్రెకు ఈ సూది పడితే ఈసుకుపోతుంది, అంటే గర్భం పోతుంది.

మూడు సూదుల లెక్క ఇదీ. సోమవారం సాయంత్రం 5 గంటలకు అండం విడుదల చేయించే హార్మోను మందు బ్యుసెరెలిన్ 10 మైక్రోగ్రాములు (మిల్లీకి 4 మైక్రోగ్రాములుండే మందైతే 2.5 మిల్లీలు). మళ్లీ సోమవారం అదే వేళకు క్లోప్రోస్టినాల్ 500 మైక్రోగ్రాములు, అంటే 2 మిల్లీలు. బుధవారం సాయంత్రం 5కి మళ్లీ బ్యుసెరెలిన్ 2.5 మిల్లీలు. గురువారం ఉదయం 9–11 మధ్య కృత్రిమ గర్భధారణ. ఎద లక్షణాలు కనబడకపోయినా ఆ వేళకు వీర్యం వేయించాల్సిందే. బుధవారం సాయంత్రానికి ముందే జిగురు తీగలు వేసి అరిస్తే మాత్రం మూడో సూది ఆపి, ఎద మొదలైన 12 గంటలకు వేయించండి. అన్నీ కండలోకే, శుభ్రమైన సూదితో వెయ్యాలి. మురికి సూదితో వేస్తే అక్కడ చీముగడ్డ కడుతుంది.

ఎక్కువగా చెడేది రెండు చోట్ల. ఒక సీసాను ఎక్కువ పశువులకు సర్దాలని మోతాదు తగ్గించడం, వీలు కుదరలేదని గంటలు అటూ ఇటూ చేయడం. అన్నీ సరిగా జరిగినా, ఎద చక్రం తిరుగుతున్న బర్రెల్లో మూడో వంతు నుంచి సగం దాకానే చూడి కడతాయి. అండాశయాలు నున్నగా, చిన్నగా ఉన్నాయని డాక్టరు చెబితే ఈ పద్ధతికి డబ్బు పెట్టకండి. అలాంటివాటికి యోనిలో ప్రొజెస్టిరాన్ పరికరం వారం పైన ఉంచి తీసే పద్ధతి నయం. పరికరం ఉన్నన్నాళ్లు కాస్త తెల్లని జిగురు కారుతుంది, భయపడనక్కర్లేదు.

డాక్టరు చూసి వేసిన ఈ మందులతో బర్రె గొడ్డుబోదు. క్లోప్రోస్టినాల్ పడ్డాక కొద్దిసేపు చెమట, చొంగ, పలచటి పేడ కనిపించవచ్చు, వాటంతటవే తగ్గుతాయి. ఎద రోజు పాలు కొంచెం తగ్గితే అది ఎద వల్లే. పాలు చేపడానికి కొందరు వేసే ఆక్సిటోసిన్‌కూ దీనికీ సంబంధం లేదు. ఒక్క జాగ్రత్త: గర్భిణులు, ఉబ్బసం ఉన్నవారు క్లోప్రోస్టినాల్ సీసాను ముట్టుకోకూడదు. చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. పడితే వెంటనే సబ్బుతో కడగాలి.

పక్కటెముకలు తేలిన బర్రెకు సూదులు దండగ. వట్టి వరిగడ్డి మీదే ఉంటే భాస్వరం, విటమిన్ ఎ చాలవు. నట్టల మందు తాపించి, రోజూ 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, 15–20 కిలోల పచ్చిమేత నెలా పదిహేను రోజులు పెట్టాక మొదలుపెట్టండి. చాలా బర్రెలు దాంతోనే ఎదకు వస్తాయి. ఎండాకాలమైతే మధ్యాహ్నం నీళ్లు చల్లుతూ, తెల్లవారుజామున లేచి చూడండి. ఆ రోజుల్లో ఎద మూగగా, రాత్రిపూటే వచ్చి పోతుంది.

వీర్యం వేయించిన 18 నుంచి 24 రోజుల మధ్య మళ్లీ గమనించండి. ఎద రాకపోయినా చూడి అనుకోవద్దు, 60 రోజులకు పరీక్ష చేయించండి.