జీడిపండు వెనిగర్‌కు ఈస్ట్ తోడు ఎలా పెట్టాలి?

ప్రశ్న: మాకు మూడెకరాల జీడి తోట ఉంది. పిక్క తీసుకుని పండంతా పారేస్తున్నాం. ఈసారి వెనిగర్ చేద్దామని 20 లీటర్ల రసం మరిగించి, బేకరీ ఈస్ట్ పొడి చల్లాం. మూడు రోజులైనా పొంగలేదు. పైన తెల్లటి పొర కట్టి, పాడు వాసన వస్తోంది. ఏం చేయాలి?
– ఒక రైతు, భీమిలి, విశాఖపట్నం జిల్లా

జవాబు: రసం పూర్తిగా చల్లారక ముందే ఈస్ట్ చల్లి ఉంటారు. 50 డిగ్రీలు దాటిన వేడికి ఈస్ట్ చచ్చిపోతుంది. బతికిన కాస్తా 20 లీటర్లకు చాలదు. ఈలోగా గాలిలోని వేరే సూక్ష్మజీవులు చేరిపోతాయి. ఆ తెల్ల పొర వాటిదే. ఆ రసాన్ని ఎరువు గుంతలో పోసేయండి. పశువుల కుడితిలో మాత్రం కలపకండి.

పాలు తోడు పెట్టినట్టే దీనికీ ముందు తోడు కావాలి. వగరు పోవడానికి లీటరు రసానికి 5 గ్రాముల సగ్గుబియ్యం పొడిని కొద్ది నీళ్లలో ఉడికించి కలపండి. రాత్రంతా ఉంచి, పైతేట వంచుకోండి. ఇనుప గిన్నె వాడితే రసం నల్లబడుతుంది, స్టీలుదే వాడండి. ఆ తేటలో ఒక లీటరు పది నిమిషాలు మరిగించి, గిన్నె చేతికి చల్లగా తగిలేదాకా ఆరనివ్వండి. 5 గ్రాముల ఈస్ట్‌ను అరకప్పు గోరువెచ్చని నీళ్లలో చిటికెడు పంచదారతో కలపండి. పావుగంటలో నురగ రాకపోతే ఆ ప్యాకెట్ పనికిరాదు. నురగ వస్తే ఆ లీటరు రసంలో పోసి, సీసా మూతికి శుభ్రమైన దూది పెట్టండి. మూత బిగిస్తే గ్యాస్‌కు సీసా పగిలే ప్రమాదం ఉంది.

పెరుగు తోడును కదపకూడదు కదా, దీన్ని మాత్రం రెండు మూడు గంటలకోసారి బాగా కుదపాలి. ఈస్ట్ సంఖ్య పెరగడానికి గాలి కావాలి. ఒక రోజులో రసం మసకబారి, అడుగున మీగడ రంగు మడ్డి చేరుతుంది, పిండి పులిసిన వాసన వస్తుంది. అదే మీ తోడు. మిగతా రసాన్నీ మరిగించి, బాగా చల్లార్చాకే ఇందులో కలపండి.

బలానికని పొలం డీఏపీ చిటికెడు వేస్తారు కొందరు. దయచేసి వద్దు, అది తినే సరుకు కాదు. మన ఎండలకు పాత్రను నీళ్ల టబ్‌లో పెట్టి, తడి గోనె చుట్టండి. 32 డిగ్రీలు దాటకపోతే మంచిది.

వారంలో పొంగు ఆగుతుంది. అప్పుడు నాలుగో వంతు వేడిచేయని పాత వెనిగర్ కలిపి, వెడల్పు మూతి జాడీలో గుడ్డ కట్టి నెలా రెండు నెలలు ఉంచండి. పొంగు ఆగిన రసంలో ఆల్కహాలు ఉంటుంది కాబట్టి తాగడానికో అమ్మడానికో తీయకండి, లైసెన్సు లేకుండా అది నేరం. వెనిగర్‌గా అమ్మాలన్నా ఆహార భద్రత అనుమతి ఉండాలి, ఎసిటిక్ ఆమ్లం కనీసం 3.75 శాతం తేలాలి.

పండు కోసిన రోజే రసం తీయండి, మర్నాటికే మగ్గిపోతుంది. మొదట రెండు లీటర్లతో చేసి చూడండి, అది కుదిరాకే 20 లీటర్లు.