ముందు ఆ నులక మంచం మార్చండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు మాజీ సైనికుల ఇళ్ల నుంచే వచ్చాయి, నాలుగూ కాలు తీసేసిన తర్వాతి కష్టాలే. అందుకని మెడనొప్పులు, మోకాళ్ల నొప్పులు రాసినవాళ్లు ఒక్క నెల ఆగండి, ఈసారి చోటంతా వీళ్లకే.

ప్రశ్న: మా నాన్న ఆర్మీలో 24 ఏళ్లు చేసి సుబేదార్‌గా రిటైరయ్యారు. ఇప్పుడు 63. షుగర్ వల్ల పాదానికి పుండు పడి పైకి పాకితే 7 వారాల కిందట కుడికాలు మోకాలి కింద తీసేశారు. కుట్లు మానాయి. ఆపరేషన్ చేసినచోట మా పని అయిపోయిందన్నారు. ఇంకోచోట కాలు సంగతి తర్వాత చూద్దామన్నారు. తెలిసినాయన పుణె తీసుకెళ్లమంటాడు, మరొకాయన జైపూర్ కాలు క్యాంపు వస్తుంది ఆగమంటాడు. ఫిజియోథెరపీ మాట ఎవరూ ఎత్తలేదు. నాన్న పగలంతా నులక మంచం మీదే, మోకాలి కింద దిండు పెట్టుకుంటే హాయిగా ఉందట. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం, వారానికోసారి వెళ్లొస్తున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి? (ఒక కొడుకు, తాడేపల్లిగూడెం)

జవాబు: ఆ దిండు దగ్గర మొదలుపెట్టండి బాబూ. ఈ పత్రిక చదవడం అయ్యాక కాదు, ఇప్పుడే ఇంటికి ఫోన్ చేసి తీయించేయండి. దిండు పెట్టుకుంటే హాయిగా ఉండే మాట నిజమే, ఎందుకంటే మోకాలు వంగి ఉంటే లాగదు. కానీ అలా వారాల తరబడి వంగి ఉన్న మోకాలి వెనక కండరం, నరం అదే పొడవుకి అలవాటు పడి కురచబడిపోతాయి. తర్వాత ఎంత ఖరీదైన కాలు తెచ్చినా మోకాలు చాచలేని మనిషి దాని మీద నిలబడలేడు. నులక మంచం ఇంకో శత్రువు. నడుము దగ్గర గుంట పడుతుంది కదా, అందులో పడుకుంటే తుంటి కూడా వంగిపోతుంది. చెక్క బల్ల మీద పల్చటి పరుపు వేసి పడుకోబెట్టండి.

మొన్నామధ్య నా దగ్గరికి ఒక మాజీ హవల్దారు వచ్చారు, ఎరువుల సంచిలో పెట్టుడు కాలు పెట్టుకుని. మూడేళ్లుగా అది గోడకి మేకుకి వేలాడుతోందట, మీద తువాలు ఆరేస్తున్నారట. కాలు బాగానే ఉంది. ఆయన మోకాలే పాతిక డిగ్రీల దగ్గర బిగిసిపోయింది. కాలు కోసం తిరిగినంత కాలం మోకాలి గురించి ఆయనకి చెప్పినవాళ్లు లేరు.

ఒక పరీక్ష చేయండి. నాన్నగారిని గట్టి బల్ల మీద వెల్లకిలా పడుకోమని, కాళ్లు చాచమని, మోకాలి కింద మీ అరచెయ్యి ఎంతవరకు దూరుతుందో చూడండి. రెండు వైపులా చూసి పోల్చండి. కాలు తీసిన వైపు కింద ఖాళీ ఎక్కువుంటే బిగుతు మొదలైందన్నమాట. 7 వారాలే కాబట్టి వెనక్కి తేవచ్చు. రోజుకి మూడుసార్లు, ఇరవై నిమిషాలు బోర్లా పడుకోవాలి, మొహం మంచి కాలు వైపు తిప్పి. గుండె జబ్బో ఆయాసమో ఉంటే బోర్లా వద్దు, వెల్లకిలా చదునుగా పడుకుంటే చాలు. కుర్చీలో కూర్చున్నప్పుడు మొండికాలు కిందికి వేలాడకూడదు, తొడ కింద నుంచి ముందుకి ఒక చెక్క పెట్టి మోకాలు చాచి ఉంచాలి. తువాలు చుట్టి మొండికాలు చివర కింద పెట్టి, మోకాలిని కిందికి నొక్కి అయిదు లెక్కపెట్టి వదలాలి, ఇలా పదిసార్లు, రోజుకి నాలుగు దఫాలు. టీవీ చూస్తూ కూడా చేయొచ్చు, నాకేం అభ్యంతరం లేదు.

కట్టు గురించి. క్రేప్ బ్యాండేజీని చేతికి గాజులు తొడిగినట్టు గుండ్రంగా చుట్టేస్తారు చాలామంది, అది ఉరి బిగించినట్టే, కింద వాపు ఇంకా పెరుగుతుంది. ఎనిమిది అంకె వేసినట్టు ఏటవాలుగా, చివర బిగువుగా, పైకి పోయేకొద్దీ వదులుగా కట్టాలి, నాలుగైదు గంటలకోసారి విప్పి మళ్లీ కట్టాలి. షుగర్ మనిషి కాబట్టి రక్తప్రసరణ ఎలా ఉందో, ఎంత బిగించవచ్చో డాక్టర్ని అడిగి, ఫిజియో దగ్గర ఒకసారి చేయించుకుని చూసి నేర్చుకోండి, ఫోన్‌లో వీడియో తీసుకోండి. ఆ మొండికాలు కింద వంకాయలా ఉబ్బకుండా పైనుంచి కిందికి నున్నగా దిగాలి, అప్పుడే సాకెట్, అంటే పెట్టుడు కాలులో మొండికాలు దూరే గిన్నె, సరిగ్గా కూర్చుంటుంది.

ఇక తిరుగుళ్ల సంగతి. మీ అసలు బాధ ఇదేనని నాకు తెలుసు. సర్జన్ గాయం చూస్తాడు, కాలు చేసేవాళ్లు కాలు చూస్తారు, షుగర్ డాక్టర్ షుగర్ చూస్తాడు, ఈ ముగ్గురి మధ్య దారం పట్టుకునే మనిషి మన దగ్గర సాధారణంగా ఉండడు. ఆ మనిషిని ఇంట్లోనే తయారు చేసుకోవాలి, వారానికోసారి వచ్చే మీరు దానికి పనికిరారు, ఏమనుకోవద్దు. నాన్నగారికే అప్పగించండి. సుబేదార్ అంటే అంతమందిని నడిపించి, ప్రతిదానికీ రిజిస్టరు రాసిన మనిషి, ఇవాళ దిండు మీద కాలు పెట్టుకుని ఎవరేం చెప్తారా అని చూస్తున్నాడు. ఒక ఫైలు, ఒక నోట్‌బుక్ ఇవ్వండి. డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషన్ కాగితం, సర్వీసు డిశ్చార్జి బుక్, పీపీఓ (పెన్షన్ ఉత్తర్వు), ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు కాపీలు ఫైల్లో. నోట్‌బుక్‌లో షుగర్ రీడింగు, ఎన్ని నిమిషాలు బోర్లా పడుకున్నారు, ఎవరు ఏ తారీఖున ఏం చెప్పారు.

ఆ ఫైలుతో ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్ మెడికల్ ఆఫీసర్ దగ్గరికి వెళ్లి ఫిజియోథెరపీకీ కృత్రిమ కాలికీ ఒకే రోజు అడగండి, రెండోది వచ్చేదాకా మొదటిది ఆపొద్దు. ఈసీహెచ్‌ఎస్ 2003 ఏప్రిల్ నుంచి ఉన్నది రిటైరైన సైనికుల వైద్యం కోసమే, కాబట్టి మొహమాటం అక్కర్లేదు. పుణెలోని ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్ 1944లో, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా పెట్టినది, సైనికుల కాళ్లూ చేతులే వాళ్ల పని. కానీ ఊరికే రైలెక్కకండి. ఏ కాగితాలు కావాలి, ఎన్ని రోజులుండాలి, మళ్లీ ఎప్పుడు రావాలి, ఈ మూడూ ముందు ఫోన్‌లో కనుక్కుని నోట్‌బుక్‌లో రాయించండి. కాగితాల దగ్గర ఎక్కడైనా ఆగిపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది. సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ పని కూడా ఈలోపే మొదలుపెట్టండి.

జైపూర్ కాలుని తక్కువ చేయను. 1960ల చివర్లో రామచంద్ర శర్మ అనే పనివాడు, డాక్టర్ పి.కె. సేఠీ కలిసి చేసిన ఆ రబ్బరు పాదంతో మనవాళ్లు చెప్పుల్లేకుండా నడుస్తారు, గొంతుక్కూర్చుంటారు, పొలంలో బురదలో దిగుతారు. నా సందేహమంతా క్యాంపు మీదే. మొండికాలు ఏడాది దాకా సన్నబడుతూనే ఉంటుంది. ఇవాళ సరిపోయిన సాకెట్ మూడు నెలలకి వదులవుతుంది, అప్పటికి క్యాంపు వాళ్లు ఇంకో ఊళ్లో ఉంటారు. వదులైతే ఎవరు సరిచేస్తారు అన్న ప్రశ్నకి జవాబున్న చోటే కాలు పెట్టించుకోండి. మోకాలి కింద పోయినవాళ్లకే నడకలో మామూలు కంటే దాదాపు పాతిక శాతం ఎక్కువ శక్తి ఖర్చవుతుంది, కాబట్టి గుండె పరీక్ష ముందే చేయించండి. ఎడమ పాదాన్ని రోజూ రాత్రి అద్దం పెట్టి అడుగున చూడాలి. గీత పడినా, రంగు మారినా మర్నాడే డాక్టర్. ఇంట్లో కూడా ఉత్తకాలితో తిరగొద్దు, ఇప్పుడు ఆ ఒక్క పాదమే రెండు పాదాల బరువు మోస్తోంది.

ప్రశ్న: మేడమ్, నా వయసు 34. జమ్మూ కాశ్మీర్‌లో మందుపాతర పేలి తొడ దగ్గర ఎడమకాలు పోయి అయిదేళ్లు. కాలు పెట్టించుకున్నాను, నడుస్తున్నాను. రాత్రయితే లేని కాలి వేళ్లు ఎవరో మెలితిప్పినట్టు నొప్పి. అమ్మ దిష్టి తీస్తుంది. ఎవరికైనా చెబితే పిచ్చి అనుకుంటారని రెండు పెగ్గులు వేసి పడుకుంటున్నాను. (ఒక మాజీ జవాన్, కడప)

జవాబు: తమ్ముడూ, నీకు పిచ్చి లేదు. అమెరికా అంతర్యుద్ధంలో కాళ్లు పోయిన సైనికులు ఇదే చెబితే వియర్ మిచెల్ అనే డాక్టర్ 1871లోనే దీనికి ఫాంటమ్ లింబ్ (లేని అవయవం ఉన్నట్టు అనిపించడం) అని పేరు పెట్టాడు. కాలు పోయినా మెదడులో కాలికున్న చోటు పోదు, అక్కడి నుంచి వచ్చే నొప్పి ఇది, నిజమైన నొప్పే. దిష్టి తీయనీ, అమ్మకి తృప్తి.

నువ్వు చేయాల్సింది ఇది. అద్దాల షాపులో నాలుగడుగుల పొడవు అద్దం కొని, అంచులకి టేప్ వెయ్యి. మంచం మీద కాలు చాచి కూర్చుని, అద్దాన్ని రెండు తొడల మధ్య నిలబెట్టు, మెరిసే వైపు మంచి కాలికి ఉండాలి, మొండికాలు అద్దం వెనక దాగిపోవాలి. అద్దంలో చూస్తే రెండో కాలు ఉన్నట్టే కనిపిస్తుంది. ఇప్పుడు మంచి కాలి వేళ్లు నెమ్మదిగా ముడిచి విప్పు, లేని కాలితో కూడా అదే చేస్తున్నట్టు అనుకో. పదిహేను నిమిషాలు, రోజూ, నాలుగు వారాలు. ఈ అద్దం చిట్కా మన తమిళనాడులో పుట్టిన వి.ఎస్. రామచంద్రన్ ఆలోచన. 2007లో అమెరికాలోని వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రి వాళ్లు కాళ్లు పోయిన సైనికుల మీద పరీక్షించి చూస్తే, అద్దంతో చేసినవాళ్లకి నొప్పి తగ్గింది. చిన్న పరీక్షే, అందరికీ ఒకేలా పనిచేస్తుందని నేను చెప్పను. మొదటి రోజు కాలు కనిపించగానే ఏడుపొచ్చినవాళ్లున్నారు, వస్తే రానీ, కానీ తలుపేసుకుని మొదలుపెట్టు.

మొండికాలు మీద ఒక్కచోట నొక్కితే కరెంటు కొట్టినట్టు ఉంటే మాత్రం అది వేరే సంగతి, అక్కడ నరం గడ్డ కట్టి ఉండొచ్చు, సాకెట్ ఒత్తుతూ ఉండొచ్చు, డాక్టర్‌కి చూపించు. నరాల నొప్పికి మాత్రలున్నాయి, అవీ డాక్టర్ రాస్తేనే, పెగ్గులు వేస్తూ అస్సలు వద్దు. ఆ రెండు పెగ్గులు మూడయ్యే లోపు 14416కి ఫోన్ చెయ్యి. టెలిమానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఇంకొకటి, నువ్వు అడగకపోయినా. 2002లో మందుపాతరకి కాలు పోయిన నాగాలాండ్ సైనికుడు హొకాటో సెమా 32 ఏళ్లకి షాట్‌పుట్ మొదలుపెట్టి, 2024 పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చాడు. నువ్వు పతకం తేవాలని కాదు, సాయంత్రం ఏడు తర్వాత చేయడానికి ఏదో ఒకటి ఉండాలని.

ప్రశ్న: మా ఆయన (ఎక్స్ సర్వీస్‌మెన్, మోకాలి కింద కాలు లేదు) ఎండాకాలం వస్తే చెమటకి పొక్కులొచ్చి కాలు తీసేసి కూర్చుంటారు. పౌడర్ వేస్తున్నాం. (ఒక భార్య, నల్గొండ)

జవాబు: పౌడర్ మానేయండమ్మా, చెమటలో ముద్దకట్టి అదే గీరుతుంది. మొండికాలు, లైనర్ (సాకెట్ లోపల మొండికాలికి తొడిగే మెత్తటి తొడుగు) రెండూ రాత్రి మామూలు సబ్బుతో కడిగి, నురగ పోయేదాకా జాడించి, నీడలో ఆరేయండి. పొద్దున కడిగితే తడి పూర్తిగా ఆరదు. కొబ్బరినూనె రాయాలంటే రాత్రే. మధ్యాహ్నం ఒకసారి కాలు తీసి, చెమట తుడిచి, పొడి సాక్సు మార్చి మళ్లీ తొడగమనండి, పొలంలో ఉన్నా సరే. కాలు తీశాక కనిపించే ఎరుపు పది పదిహేను నిమిషాల్లో పోతే భయం లేదు, పోకపోతే సాకెట్ అక్కడ ఒత్తుతోందని అర్థం. పొక్కు చితికితే మానేదాకా కాలు తొడగొద్దు. మొండికాలు మీద వెంట్రుకలు గీస్తుంటే అది కూడా ఆపించండి, గడ్డలు దానివల్ల కూడా వస్తాయి.

ప్రశ్న: మా తాతయ్య 1971 యుద్ధంలో కాలు పోగొట్టుకున్నారు. పాతకాలం బరువు కాలే వాడుతున్నారు, కొత్తది కొనిస్తానంటే వద్దంటారు. ఒప్పించే మార్గం చెప్పండి. (ఒక మనవరాలు, విశాఖపట్నం)

జవాబు: ఎందుకమ్మా ఒప్పించడం? అదే యుద్ధంలో మందుపాతరకి నలిగిన తన కాలుని తనే ఖుక్రీతో (గూర్ఖాల వంపు కత్తి) నరుక్కున్న సైనికాధికారి ఇయాన్ కార్డోజో, చెక్క కాలుతో రెండు కాళ్ల అధికారులతో పోటీపడి బెటాలియన్‌కి కమాండర్ అయ్యాడు. ఆ తరం వాళ్లకి ఆ కాలుతో కాపురం లాంటిది ఉంటుంది. తాతయ్య బరువు తగ్గారా, సాకెట్‌లో గుడ్డలు కుక్కుతున్నారా, ఈ ఏడాది ఎన్నిసార్లు తూలారు, ఇవి మాత్రం మాటల్లో కనుక్కో. గుడ్డలు కుక్కుతుంటే సాకెట్ ఒక్కటే మార్చమని అడగొచ్చు, కాలు మొత్తం అక్కర్లేదు. ఈలోపు ఆయన చేతికర్ర తిరగేసి కింద రబ్బరు చూడు. అరిగి నున్నగా అయిపోయుంటే ఇవాళే వెళ్లి కొత్తది తెచ్చెయ్.