ప్లేటు ఎవరు తీయాలి?

ప్రశ్న: యూనిటీలో (గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్) సీ షార్ప్ భాషతో గాలిపటాల గేమ్ ఒకటి చేస్తున్నాను. ల్యాప్‌టాప్‌లో బాగానే ఆడుతోంది. ఫోన్‌లో పెడితే ఎనిమిది పది సెకన్లకోసారి ఠక్కున ఆగి మళ్లీ కదులుతుంది. మా పీజీలో రూమ్మేటు "సీ షార్ప్‌తో ఇంతే, సీ ప్లస్ ప్లస్‌లో మళ్లీ రాసుకో" అంటున్నాడు. మూడు నెలల పని పోతుంది. ఏం చేయమంటారు?
- ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, బీటీఎం లేఅవుట్, బెంగళూరు

జవాబు: రాయకండి. కనీసం ఈ వారం రాయకండి. మీ రూమ్మేటు మాటలో సగం నిజముంది. ఆ సగాన్ని నమ్మి గేమే వదిలేసినవాళ్లు నాకు తెలుసు.

మీ వీధి చివర దర్శిని ఉండే ఉంటుంది. నిలబడి ఇడ్లీ వడ తిన్నాక ప్లేటు మనమే తీసుకెళ్లి తొట్టిలో వేస్తాం. సీ ప్లస్ ప్లస్ అలాంటిది, మెమరీ అడిగి తీసుకున్నవాడే తిరిగివ్వాలి. మర్చిపోతే బల్లలన్నీ ఎంగిలి ప్లేట్లే. అంతకన్నా ఘోరం, పక్కవాడు ఇంకా తింటుండగానే వాడి ప్లేటు లాగి తొట్టిలో పడేయడం. అప్పుడు గేమ్ సంబంధం లేని ఇంకెక్కడో కూలుతుంది. (ఈ రెండో రకం తప్పు వెతుకుతూ ఒక ఉగాది ఆఫీసులోనే గడిపాను. పచ్చడి వీడియో కాల్‌లో చూశాను.)

సీ షార్ప్‌లో ప్లేట్లు తీయడానికి వేరే మనిషి ఉంటాడు, గార్బేజ్ కలెక్టర్. లిస్ప్ భాష కోసం జాన్ మెకార్తీ 1959 ప్రాంతంలో కనిపెట్టిన ఏర్పాటిది. హాయిగానే ఉంటుంది కానీ, అతను వచ్చినప్పుడల్లా "అందరూ చేతులాపండి" అంటాడు. ఏ ప్లేటు ఇంకా ఎవరికి కావాలో లెక్క తేలేదాకా ఎవరూ కదలకూడదు. సెకనుకు 60 ఫ్రేములు, అంటే తెర మీద 60 బొమ్మలు, కావాలంటే ఒక్కో ఫ్రేముకు దొరికేది 16.7 మిల్లీసెకన్లు. ఆ లెక్కకు 40 పట్టిందనుకోండి, రెండు ఫ్రేములు గల్లంతు. వేలి కింద గాలిపటం ఠక్కుమంటుంది.

నా మొదటి గేమ్‌కూ ఇదే జబ్బు. సిల్క్ బోర్డు దగ్గర కదలని బస్సులో పాత ఫోన్ మీద ఆడి చూసేవాణ్ని. బస్సుకు తోడు అదీ ఆగేది. రెండు రాత్రులు బొమ్మల సైజులు తగ్గిస్తూ కూర్చున్నాను. తీరా ఏ పనికి ఎంత టైము, ఎంత మెమరీ పోతోందో చూపే ప్రొఫైలర్ తెరిస్తే దొంగ స్కోరు బోర్డులో దొరికాడు. ఇరవై మంది పేర్ల పక్కన అంకెలు అతికించే లైను ప్రతి ఫ్రేముకూ నడిచే అప్‌డేట్ ఫంక్షన్‌లో పెట్టాను. సీ షార్ప్‌లో స్ట్రింగు (అక్షరాల ముక్క) మారదు, అతికించిన ప్రతిసారీ కొత్తది పుడుతుంది. స్కోరు మారినా మారకపోయినా సెకనుకు 1200 ఎంగిలి ప్లేట్లు! మారినప్పుడే రాయమని ఆ లైను అక్కణ్నుంచి తీసేశాను. సిగ్గేసింది కూడా.

మీరూ ప్రొఫైలర్‌ను ఫోన్‌కే తగిలించి, జీసీ అలాక్ అన్న వరస చూడండి (జీసీ అంటే గార్బేజ్ కలెక్టరే, ఫ్రేముకు ఎంత కొత్త మెమరీ అడిగారో అక్కడ కనిపిస్తుంది). ల్యాప్‌టాప్‌లో యూనిటీ ఎడిటర్‌లోనే చూస్తే దాని సొంత చెత్త కూడా కలిసి లెక్క తప్పుతుంది. మీ గేమ్‌లో నాకు మొదటి అనుమానం తెగిన గాలిపటాల మీద. తెగినదాన్ని డిస్ట్రాయ్ చేసి కొత్తది పుట్టిస్తున్నారా? ముందే ముప్పై చేసి పక్కన పెట్టుకోండి, తెగినదాన్ని దాచి మళ్లీ అదే ఎగరేయండి. దీన్నే పూలింగ్ అంటాం. యూనిటీ ప్లేయర్ సెట్టింగ్స్‌లో ఇంక్రిమెంటల్ జీసీకి టిక్కు ఉందో లేదో చూడండి, 2019 వెర్షన్ల నుంచి ఉంది. చెత్త తగ్గదు గానీ ఎత్తే పని కొన్ని ఫ్రేములకు పంచుతుంది.

మీ రూమ్మేటు సగం నిజం ఏమిటంటే, వస్తువుల్ని మెమరీలో పక్కపక్కనే పేర్చుకునే పట్టు సీ ప్లస్ ప్లస్‌లో ఎక్కువ. పెద్ద గేముల్లో అది చాలా కలిసొస్తుంది. కానీ సీ ప్లస్ ప్లస్‌లో రాసిన అన్‌రియల్ ఇంజిన్ (యూనిటీ లాంటిదే) కూడా తన ఆబ్జెక్టుల కోసం సొంత గార్బేజ్ కలెక్టర్ పెట్టుకుంది. ఈ మాట ఆయనకు చెప్పి మొహం చూడండి.

ఇవన్నీ చేశాక కూడా ఠక్కుమంటుంటే ప్రొఫైలర్ తెర ఫొటో తీసి పంపండి. ఫోన్ మోడల్ కూడా రాయండి.