కవరు మీద ‘పి.సి. 3’

ప్రశ్న: మాది రాజమండ్రి. మా వారి రైల్వే ఉద్యోగం వల్ల ఖరగ్‌పూర్‌లో స్థిరపడ్డాం. 1979లో ఇంటర్ పరీక్షలు అయిపోయాక నేనూ, నా స్నేహితురాలూ మెయిన్ రోడ్డులో స్టూడియోకి వెళ్లి ఫోటో తీయించుకున్నాం. వాళ్ల నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆర్యాపురంలో ఉండేవారు. 1981లో నా పెళ్లయింది. కొన్నాళ్లు ఉత్తరాలు నడిచాయి. 82లో వాళ్లు ఇల్లు మారినట్టున్నారు, నా ఉత్తరం తిరిగొచ్చేసింది. మొన్న మేనకోడలి పెళ్లికి వెళితే ఆ స్టూడియో మూసేసి, యజమాని గారి అబ్బాయి సామాను ఖాళీ చేస్తున్నాడు. ‘మీదేమైనా ఉంటే వెతుక్కోండమ్మా’ అన్నాడు. మా నెగెటివ్ కవరు దొరికింది! దాని మీద నా పేరు, పక్కన 2. కింద వేరే ఇంకుతో ‘పి.సి. 3, 2/83, మాస్టారు గారు, ఇన్నీసుపేట’ అని ఉంది. నెగెటివ్‌లో తన ముఖం చుట్టూ ఎర్ర గీతలున్నాయి. వీటి అర్థమేమిటి? తనని ఎలా వెతకాలి? ఇప్పుడు ఇంటిపేరేమిటో కూడా తెలియదు. ఫోటో ఫేస్‌బుక్‌లో పెట్టేద్దాం అంటున్నాడు మా అబ్బాయి.
– ఒక పాఠకురాలు, ఖరగ్‌పూర్

జవాబు: అమ్మా, స్టూడియోల్లో రీటచింగ్, అంటే నెగెటివ్ మీద ముఖాల్లో మచ్చలు దిద్దే పని, చేసి బతికినవాణ్ణి. ఫేస్‌బుక్ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ కవరు చదువుదాం.

మీ పేరు పక్కన 2 అంటే రెండు కాపీలు, చెరొకటి. డబ్బు మీరు కట్టారు కాబట్టి పేరు మీదే రాశారు. పి.సి. అంటే పోస్ట్‌కార్డ్ సైజు. 1983 ఫిబ్రవరిలో మాస్టారు గారు వచ్చి మూడు కాపీలు వేయించుకున్నారు. ఎర్ర గీతలు ‘ఇంతవరకే పెద్దది చెయ్యి’ అని డార్క్‌రూమ్ కుర్రాడికి గుర్తు.

గ్రూపు ఫోటోలో ఒక్క ముఖం చుట్టూ గీత కనబడితే నాకు ముందు గుండె ఝల్లుమంటుంది. విడిగా ఫోటో లేకుండా పోయినవాళ్లకి అలాగే ఏ పెళ్లి ఫోటోలోంచో ముఖం తీసి, పెద్దది చేసి, దండ వేయడానికి ఇచ్చేవాళ్లం. కానీ దానికి వేసేది ఒకే కాపీ, 10 x 12 గానీ 12 x 15 గానీ, ఫ్రేము కట్టడానికి. పోస్ట్‌కార్డ్ సైజు మూడు అడిగారంటే సంబంధాలు చూస్తున్నారన్నమాట. ఒకటి పెళ్లిళ్ల పేరయ్యకి, ఒకటి మేనమామకి, ఒకటి ఇంట్లో. ఆ మూడింటిలోనూ మీరుండరు. అట్టకి గుడ్డు ఆకారంలో చిల్లు కోసి, ఫోటో పెద్దది చేసే ఎన్లార్జర్ కింద ఆడిస్తూ ప్రింట్ వేస్తే చుట్టుపక్కలంతా తెల్లగా పోతుంది. మీ భుజాన్ని అలా మాయం చేయడానికి నాలాంటివాడెవడో తంటాలు పడే ఉంటాడు, ఏమనుకోకండి.

అన్నిటికన్నా ముఖ్యం చివరి మాట. మీ ఉత్తరం ఆర్యాపురం నుంచి తిరిగొచ్చింది 82లో. 83లో మాస్టారు చెప్పిన చోటు ఇన్నీసుపేట. మీకు అప్పుడు తెలియని కొత్త అడ్రసు ఈ కవరు మీదే ఉంది. స్నేహితురాలి ఇంటిపేరు కోసం తల బద్దలు కొట్టుకోకండి, మాస్టారి పేరుతో వెతకండి. లెక్కల మాస్టార్ని శిష్యులు అంత తేలిగ్గా మర్చిపోరు, తన్నులు తిన్నవాళ్లు అసలు మర్చిపోరు. ఆ స్కూలు పూర్వ విద్యార్థులనీ, రాజమండ్రిలో రిటైరైన టీచర్లనీ, పెన్షనర్ల సంఘం వాళ్లనీ అడిగితే ‘మాస్టారి అమ్మాయిని ఫలానా ఊరు ఇచ్చారు’ అని ఎవరో ఒకరు చెబుతారు. మేనకోడలి అత్తవారు అక్కడివాళ్లే అయితే ఈ పని వాళ్లకి అప్పజెప్పండి.

ఫేస్‌బుక్ వద్దు. మీ అబ్బాయి మంచికే చెప్పాడు. కానీ ఆవిడకి ఇప్పుడు కోడళ్లు, మనవలు ఉండి ఉంటారు. లంగా ఓణీలో ఉన్న తన ఫోటో ముందు ఊరందరూ చూసి, ఆ తర్వాత తను చూడటం నాకు నచ్చదు. అడిగి పెట్టుకోవచ్చు, అప్పుడు ఆవిడే పెట్టమంటుందేమో.

ఇక నెగెటివ్. అంచులు పట్టుకోండి, ముఖం మీద వేలు పెట్టకండి. ఒకవైపు నిగనిగలాడుతుంది, రెండోవైపు మెరుపు లేకుండా ఉంటుంది. ఆ మెరుపు లేని వైపు సన్నటి పెన్సిల్ గీతలు కనబడితే మురికి అనుకుని తుడిచేసేరు! అది రీటచింగ్. అది పోతే మీ ఇద్దరి మొటిమలూ తిరిగొస్తాయి. పుల్లగా వెనిగర్ వాసన వేస్తుంటే ఫిల్మ్ పాడవడం మొదలైందన్నమాట. ఆలస్యం చేయకుండా స్కాన్ చేయించి, దాన్ని మిగతావాటికి దూరంగా, చల్లగా, పొడిగా ఉండేచోట కాగితం కవర్లో పెట్టండి. ప్లాస్టిక్ కవరు వద్దు. స్కాన్ చేసే కుర్రాళ్లు ఒక్కోసారి తిరగేసి పెడతారు. ఓణీ ఎడమ భుజం మీద ఉందో లేదో చూసుకోండి, కుడివైపుంటే మళ్లీ చేయమనండి. ప్రింట్ నలుపు తెలుపులోనే వేయించండి. ఇప్పుడు ఫోనే రంగులేస్తోంది గానీ, ఆ రోజు మీ ఓణీ రంగేమిటో దానికేం తెలుసు? లామినేషన్ మాత్రం దయచేసి చేయించొద్దు. లామినేషన్ చేసిన ఫోటో పాడైతే నాలాంటివాడు కూడా ఏమీ చేయలేడు.

అడ్రసు దొరికాక ఫోన్ చేయకండి. ఇన్నేళ్ల తర్వాత ఫోన్లో హఠాత్తుగా ‘నేనెవరో చెప్పుకో’ అంటే ఎదుటివాళ్లకి పరీక్షే. పోస్టులో ఫోటో పంపండి. వెనకాల బాల్ పెన్నుతో రాస్తే ముందుకి గాడి పడుతుంది, మెత్తటి పెన్సిల్‌తో ఊరు, సంవత్సరం రాయండి చాలు. లోపల చిన్న ఉత్తరం: ‘మన స్టూడియో మూసేశారే. నెగెటివ్ నా చేతికి వచ్చింది. నీ కాపీ ఉందో లేదో అని వేయించి పంపుతున్నాను.’ కింద మీ ఫోన్ నంబరు. ‘నన్ను మర్చిపోయావా, ఎందుకు రాయలేదు’ లాంటివి ఒక్క ముక్క కూడా వద్దు. అవన్నీ కలిసినప్పుడు ఎదురుగా కూర్చుని దెబ్బలాడుకోవచ్చు. జవాబు రాకపోతే మళ్లీ తరమకండి. ఆవిడ ఫోటో ఆవిడకి చేరింది, అక్కడితో మీ పని అయింది.

ఒక్క పని మాత్రం వెంటనే చేయండి. ఆ యజమాని అబ్బాయికి ఫోన్ చేసి ఆర్డర్ల రిజిస్టరు ఉందా అని అడగండి. కవరు మీద పేట పేరే రాసేవాళ్లం, రిజిస్టర్లో ఒక్కోసారి వీధి, ఇంటి నంబరు కూడా ఉండేవి. నెగెటివ్‌ల మీద నంబరుంటే దాన్ని పట్టుకుని 1983 నాటి పేజీలు వెతకొచ్చు. సికింద్రాబాద్‌లో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ కాలం నుంచీ స్టూడియోల పద్ధతి అదే, ప్రతి నెగెటివ్‌కీ ఒక నంబరు. పాత ఫిల్ములో వెండి ఉంటుంది కాబట్టి స్క్రాప్ వాళ్లు బస్తాల లెక్కన పట్టుకుపోతారు, రిజిస్టర్లు కాగితాల కిందికి పోతాయి. పుదుచ్చేరిలోని ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు తమిళనాడు పాత స్టూడియోల ఫోటోల్ని డిజిటల్ చేసి దాచారు, మన ఊళ్లలోనూ అలాంటి పని జరగాలి. అందాకా మిగిలిన కవర్లు అమ్మేయవద్దనీ, పేర్లు చదివి అక్కడివాళ్లకి కబురు పెట్టమనీ ఆ అబ్బాయికి నా మాటగా చెప్పండి. షాపు అద్దె గడువు ఎప్పటికి అయిపోతుందో కూడా కనుక్కోండి.