తర్హీల్ దినాలు రాద్దామనుకుంటున్న తమ్మునికి

హన్మకొండ

తమ్మీ,

సౌదీ తర్హీల్‌ల, అంటే కాయితాలు లేనోళ్లను ఇంటికి పంపేదాక పట్టి కూసోవెట్టే జాగల, గడిపిన దినాల మీద పుస్తకం రాస్తనని ఉత్తరం రాసినవ్. రాయి, తప్పకుండ రాయి. జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి, నిర్మల్ దిక్కు గల్ఫ్ కథ లేని ఊరు లేదు గని, ఆ కథల్ల అప్పు చేసి విమానమెక్కుడు ఉంటది, పెట్టెల శవం వచ్చుడు ఉంటది. నడుమ మనిషిని పట్టుకపోయి కూసోవెట్టిన దినాల ముచ్చట తక్కువ మంది రాసిండ్రు. అందుకే బాధ కంటే ముందు ఆ జాగ ఎట్ల నడుస్తదో రాయి. అది సరిగ్గ చెప్తే బాధ చదివేటోళ్లకు దానంతటదే అందుతది. "నరకం", "మాటలల్ల చెప్పలేను" అనే మాటలు రాసినవంటే ఆ పేజీ చదివినోనికి నీ గది కనవడదు.

కలం పట్టకముందు కాయితాలు సర్దుకో. ఔట్‌పాస్ (పాస్‌పోర్టు లేనోనికి ఇంటికి పోయేటందుకు ఎంబసీ ఇచ్చే కాయితం) జిరాక్స్, బోర్డింగ్ పాస్, ఇకామా (సౌదీల ఉండేటందుకు ఇచ్చే కార్డు) ఫోటో, ఏజెంట్ ఇచ్చిన రశీదు, ఇంటికి పైసలు పంపిన చిట్టీలు, చెల్లె ఫోన్ల దాచిన వాట్సాప్ వాయిస్‌లు. బోర్డింగ్ పాస్, పైసల చిట్టీ ఎక్కువగ వేడికి అక్షరం తేలే కాయితం మీద వస్తయి, అండ్ల సిరా ఉండదు. మన ఎండలకు, రేకుల ఇంట్ల బీరువా వేడికి ఆ అక్షరాలు చెరిగిపోతయి. ఇయ్యాల్నే జిరాక్స్ తీయించు. లామినేషన్ మాత్రం చేయించకు, ఆ మిషన్ వేడికి చిట్టీ మొత్తం నల్లగైతది, మళ్ల చదవరాదు. ఫోన్ మారిస్తే వాయిస్‌లు పోతయి, కాబట్టి చాట్‌ను మీడియాతోని సహా ఎక్స్‌పోర్ట్ చేసి మెయిల్‌ల పెట్టుకో.

తర్వాత పటం గియ్యి. పెద్ద కాయితం మీద నువ్వు ఉన్న హాలు: గేటు ఎటు, నల్లా ఎటు, లెట్రిన్‌లు ఎన్ని, ఏసీ గాలి ఎవరి మీద పడుతుండె, మనోళ్లు ఎక్కడ పన్నరు, బంగ్లాదేశోళ్లు, పాకిస్తానోళ్లు, ఇథియోపియా మనుషులు ఎక్కడ. దుప్పటి కొత్తగ వచ్చినోనికి దొరుకుతుండెనా, పాతోడు పోతే వాని జాగ ఎవరికి పోతుండె, అరబ్బీ వచ్చినోడు అందరి దిక్కు మాట్లాడుతుండెనా. ఈ పటం ముందట పెట్టుకోని ఫోన్ల మాట్లాడుతు రికార్డు చెయ్యి. ఒక్కసారికి ఇరవై నిమిషాలు, ఒక్కటే జాగ గురించి. మొదటి దినం నుంచి వరుసగ చెప్పాలని కూసుంటే మూడో దినానికే ఆగిపోతవ్, జ్ఞాపకం జాగలను పట్టుకోని వస్తది, తారీకులను పట్టుకోని రాదు.

తారీకుల తిప్పలు వేరే ఉన్నది. లోపల ఫోన్ లేదు, గడియారం లేదు. గంటలు చెప్పేది అయిదు పూటల అజానే: ఫజర్, జోహర్, అసర్, మగ్రిబ్, ఇషా. నీ దినచర్యను ఆ అయిదింటి మీద నిలవెట్టు. మనుషుల లెక్క ఎప్పుడు తీసుకుంటుండ్రి, అన్నం ఏ అజాన్ తర్వాత వస్తుండె, అండ్ల ఖుబ్జ్ రొట్టెనా, బియ్యమా, ఒక పళ్లెం మీద ఎంతమంది. ఇంటికి ఫోన్ దొరికిన దినం చెల్లెకు గుర్తుంటది, కాని ఆమె చెప్పే టైం మన టైం. సౌదీ మనకంటే రెండున్నర గంటలు ఎనుక, రెండూ కలిపేటప్పుడు యాది పెట్టుకో.

నెలలకు రంజాన్‌ను గుంజగ పాతుకో. హిజ్రీ ఏడాది 354 లేదా 355 దినాలే, అందుకే రంజాన్ ఏటా పది పదకొండు దినాలు ముందుకు జరుగుతది. సౌదీల 2023ల మార్చి 23న, 2024ల మార్చి 11న, 2025ల మార్చి 1న మొదలైంది. నీ దగ్గరున్న అరబ్బీ కాయితం మీద హిజ్రీ తారీకు ఉంటే దాన్నట్లనే రాసి పక్కకు మన తారీకు రాయి. 1438 రజబ్ 1 అంటే 2017 మార్చి 29, కాయితాలు లేనోళ్లు శిక్ష లేకుండ ఇంటికి పోయేటందుకు సౌదీ 90 దినాల ఆమ్నెస్టీ మొదలువెట్టిన దినం. హిజ్రీల పొద్దు కుంకంగనే దినం మారుతది, కాబట్టి రాత్రి పట్టుకుంటే ఒక దినం తేడా రావచ్చు. తారీకు తెల్వనప్పుడు "రంజాన్ రెండో వారం" అని రాస్తే చాలు. ఉట్టిగ ఒక తారీకు పెడితే రేపు ఎవరన్న అదే పట్టుకోని పుస్తకమంత అబద్ధమంటరు.

ఇగ అసలు సంగతి. ఊర్ల అందరు "జైలుకు పోయిండు" అంటరు. నువ్వు అట్ల రాయకు. జైలు శిక్షకు తారీకు ఉంటది, తర్హీల్‌కు తారీకు ఉండదు. పోలీసులు పట్టుకున్న జాగ, తర్హీల్, ఎయిర్‌పోర్టుల కూసోవెట్టిన గది, మూడింటికి మూడు అధ్యాయాలు పెట్టు. నిన్ను ఆపింది ఏ మెట్టో చెప్పు. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర, అంటే వీసా ఇచ్చి పనిల పెట్టుకున్న యజమాని దగ్గర, ఉంటే ఎంబసీ ఔట్‌పాస్ ఇయ్యాలె. ఔట్‌పాస్ ఇయ్యాలంటే నువ్వు ఇండియా మనిషివని రూఢి కావాలె. ఇక్కడ మన పేర్లతోనే శానమంది ఇరుక్కుంటరు: ఒక కాయితంల ఇంటిపేరు ముందు, ఒకదాంట్ల ఎనుక, ఇకామాల అరబ్బీ నుంచి ఇంగ్లిషుకు పోయేవరకు అక్షరాలే మారుతయి. తర్వాత జవాజాత్‌ల (సౌదీ పాస్‌పోర్టు ఆఫీసుల) వేలిముద్రలు, మత్లూబ్ ఉన్నదా, అంటే పోలీసులు వెతికే కేసు ఏదన్న ఉన్నదా అని చూసుడు, కఫీల్ కేసు పెడితే అది తెగేదాక ఆగుడు, ఆఖరికి టికెట్ ఎవరు కొనాలనే పంచాయితి. ప్రతి మెట్టుకు ఎన్ని వారాలు పట్టింది, ఎవరు వచ్చి చెప్పిండ్రు, ఏ భాషల చెప్పిండ్రు, అర్థమైందా లేదా, ఇవన్నీ రాయి. ఎంబసీకి ఖబర్ చేసే హక్కు నీకున్నదని ఎవరన్న చెప్పిండ్రా అనేది కూడ రాయి. 1963 వియన్నా ఒప్పందంల 36వ ఆర్టికల్ ప్రకారం పట్టుకున్నోళ్లే నీకు ఆ మాట చెప్పాలె. చెప్పకపోతే అది నీ పుస్తకంల ఒక్క వాక్యంగనన్న ఉండాలె.

హురూబ్, అంటే పనోడు పారిపోయిండని కఫీల్ పెట్టే ఫిర్యాదు, ఎట్ల పడ్డదో చెప్పే అధ్యాయం దీనికి ముందు రావాలె. పనికి వస్తలేడని కఫీల్ రాసిస్తే ఇకామా ఉండి కూడ లేనట్టే, ఆ సంగతి నీకు తెలిసేవరకు నెలలు గడవచ్చు. 2021 మార్చి 14 నుంచి సౌదీల కఫీల్ ఒప్పుకోకున్నా కొలువు మారే తొవ్వ వచ్చింది గని, ఇండ్లల్ల పనిచేసేటోళ్లకు, ఇంటి డ్రైవర్లకు, గొర్లు కాసేటోళ్లకు, తోటపనోళ్లకు అది వర్తించలే. మన దిక్కు నుంచి పోయేటోళ్లల్ల ఈ పనుల మీద పోయినోళ్లు ఎంతమందో నీకు తెలుసు. కల్లివల్లి అయినోడు, అంటే కఫీల్‌ను విడిచి కాయితాలు లేకుండ బయట పనిచేసేటోడు, ఎందుకైండో ఈ ఒక్క పేరాతోని సమజైతది.

మిత్తి లెక్క మరువకు. లక్షా యాభై వేలు నూటికి రెండు రూపాయల మిత్తికి తెస్తే నెలకు మూడు వేలు, ఏడాదికి 36,000. నువ్వు లోపల కూసున్న ప్రతి నెల ఆ మూడు వేలు ఇక్కడ నడిచింది. ఎవరి పుస్తెలతాడు కుదువపడ్డది, సంఘం కిస్తీ ఎవరు కట్టిండ్రు, షావుకారి ఇంటికి ఎన్నిసార్లు వచ్చిండో చెల్లెను అడుగు. ఆమె చెప్పింది ఆమె మాటలల్లనే రాయి, ఆమె సరే అంటేనే అచ్చెయ్యి. నా దృష్టిల ఈ పుస్తకం సగం ఆమెది.

ఇగ ఎదుటోళ్ల పేర్లు. ఇంక లోపలున్నోడు, బయట కల్లివల్లిగ తిరుగుతున్నోడు నీ పుస్తకంతోని దొరికిపోవద్దు. పేరు మార్చుడు సరిపోదు. "మెట్‌పల్లి దిక్కోడు, ట్యాంకర్ నడిపిండు, చేతికి కాలిన మచ్చ" అంటే పేరు లేకున్నా ఊరంత గుర్తుపడ్తది. ఊరు, పని, మచ్చ, మూడింటిల రెండు మార్చు, జరిగిన సంగతి మార్చకు. ఫోన్‌కు దొరికేటోనికి వాని మీద రాసిన పేరా చదివి వినిపించు. ఫోన్ లోపలికి ఎట్ల వచ్చింది, ఏ గార్డు కనికరించిండు అనేది అస్సలు రాయకు, ఆ తొవ్వ మూసుకపోతది, ఆ మనిషి కొలువు పోతది. లోపల ఎవరన్న చనిపోతే ముందు వాళ్ల ఇంటికి పోయి చెప్పు, తర్వాతనే రాయి.

ఏజెంట్ పేరు రాయాలని మనసు గుంజుతది. చేతిల సంతకం ఉన్న రశీదు లేకుంటే పేరు లేకుండ రాయి. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువునష్టం కేసు వేస్తే, నువ్వు రాసింది నిజమని, అది జనం మేలుకేనని నువ్వే చూపెట్టాలె. పోలీస్ స్టేషన్‌ల ఫిర్యాదు గని, జీతం బాకీ కేసు గని నడుస్తుంటే, అచ్చుకు ముందు వకీలుకు చదివించు. ఫిర్యాదుల ఒక తారీకు, పుస్తకంల ఒక తారీకు ఉంటే ఎదుటి వకీలు దాన్నే పట్టుకుంటడు.

రాత్రిపూట రాయకు. పొద్దుగాల ఒక గంట రాసి పుస్తకం మూసి బయటికి పో. లోపలి దినాలు కలల్లకు వస్తుంటే, నిద్ర పట్టకుంటే పదిహేను దినాలు ఆపు. 14416కు ఫోన్ చెయ్యి, అది టెలి మానస్, పైసలు కట్టేది లేదు.

రాత ప్రతికి గీతల లాంగ్ నోట్‌బుక్ తెచ్చుకోని ఒక్క దిక్కే రాయి, రెండో దిక్కు దిద్దుకునేటందుకు ఉంచు. ముప్పై వేల మాటలైతే డెమ్మీ సైజుల నూటయాభై పేజీల పుస్తకమైతది, మొదటి పుస్తకానికి అంత చాలు. డీటీపీ చేసే దుకాణాలల్ల ఇంక అను ఫాంట్ల కొట్టేటోళ్లున్నరు. యూనికోడ్‌ల కొట్టియ్యమని ముందే అడుగు, లేకుంటే రేపు ఫోన్ల చదువుకునే తీరు చేయాలంటే మొత్తం మళ్ల కొట్టాలె. కఫీల్, ఇకామా, హురూబ్ లాంటి మాటలను డీటీపీ పిలగాడు తనకు తోచినట్టు దిద్దుతడు. ప్రూఫ్ నువ్వే చూడు, రెండుసార్లు చూడు.

ముందుగాల హాలు పటం, కాయితాల జిరాక్స్‌లు ఈ నెలాఖరుకు పంపు. తారీకుల లెక్క ఇద్దరం కలిసి సరిచూద్దాం.

మీ అన్న