రోజుకు మూడుసార్లు తుడిచినా పోని నల్లదుమ్ము, తగ్గని దగ్గు

ప్రశ్న: నా వయసు 38. విశాఖ పాతనగరంలో, పోర్టుకు దగ్గర్లో రెండు గదుల ఇల్లు మాది. పొద్దున తుడిచిన గచ్చు మీద మధ్యాహ్నానికల్లా నల్లటి పొడి పేరుకుంటుంది. నడిస్తే పాదాలు మసి. అందుకే రోజుకు మూడుసార్లు ఫినాయిల్ వేసి తుడుస్తాను. బాత్రూమ్‌లో బ్లీచింగ్ పౌడర్ చల్లి, దాని మీద యాసిడ్ పోసి తోముతాను. రెండు నెలలుగా పొడి దగ్గు వదలడం లేదు. వేళ్లు పగిలి, చింతపండు పిసికితే ప్రాణం పోతోంది. తొమ్మిదేళ్ల మా బాబు స్నేహితుల్ని ఇంటికి తీసుకురావడం మానేశాడు. మావారు డ్యూటీ నుంచి వచ్చి మెట్ల మీదే కూర్చుంటున్నారు. ‘ఇది ఇల్లా, ఆస్పత్రా?’ అని అత్తయ్య దెప్పుతారు. శుభ్రంగా ఉండాలనుకోవడం తప్పా డాక్టర్ గారూ? సంక్రాంతికి బూజు కూడా దులపాలి. తేలిక పద్ధతులు ఏమైనా ఉంటే చెప్పండి.
– ఓ గృహిణి, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం. బ్లీచింగ్ మీద యాసిడ్ పోయడం మాత్రం ఈ రోజే ఆపేయండి. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో, 1915లో, సైనికుల మీదకు వదిలింది ఈ వాయువునే. మీ బాత్రూమ్‌లో పుట్టేది కొంచెమే కావచ్చు. కానీ గది చిన్నది, గాలి ఆడే దారి ఇంకా చిన్నది. పైగా క్లోరిన్ గాలికన్నా బరువు కాబట్టి కిందే నిలుస్తుంది, మీరేమో వంగి తోముతుంటారు. శ్వాసనాళాల్లోని తడి తగలగానే అది ఆమ్లంగా మారి లోపలి పొరను కాలుస్తుంది. ‘ఘాటు వస్తేనే క్రిములు చస్తాయి’ అని నా దగ్గరికి వచ్చే చాలామంది నమ్మకం. ఆ ఘాటు మీ ఊపిరితిత్తుల్లోకి పోతున్న మందు, తల్లీ. గచ్చు మీద ఉండి పనిచేయాల్సినది గాల్లో కలిసిపోతోందన్నమాట.

బ్లీచింగ్‌ను వెనిగర్‌తోనూ కలపకూడదు, అమ్మోనియా ఉన్న అద్దాలు తుడిచే ద్రవాలతోనూ కలపకూడదు. యాసిడ్ వాడిన రోజు బ్లీచింగ్ జోలికి వెళ్లకండి. ఎప్పుడైనా పొరపాటున కలిసి గొంతు పట్టేస్తే, కడిగేసి వద్దామని లోపలే నిలబడొద్దు. తలుపు బార్లా తెరిచి బయటి గాలిలోకి వచ్చేయండి. కళ్లు మండుతుంటే మంచినీళ్లతో బాగా కడగండి. ఆయాసం తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. కొందరికి అప్పటికి బాగానే ఉండి, కొన్ని గంటల తర్వాత ఊపిరి బరువవుతుంది. ఆ రాత్రి పక్కన ఎవరో ఒకరు ఉండాలి.

మీ దగ్గుకు ఇదే కారణమని చూడకుండా తేల్చేయలేను. రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికైనా సరే, కళ్లె పరీక్ష చేయించి క్షయ లేదని నిర్ధారించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆ పరీక్ష ఉచితం. కళ్లె రాని పొడి దగ్గయితే ఎక్స్‌రేతో మొదలుపెడతారు. దాంతోపాటు గొట్టంలోకి గట్టిగా ఊదించే స్పైరోమెట్రీ కూడా చేయించుకోండి, ఆస్తమా ఛాయలుంటే బయటపడతాయి. శుభ్రం చేసే రసాయనాలకూ ఊపిరితిత్తులకూ ఉన్న సంబంధం ఊహ కాదు. నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆరువేల పైచిలుకు మందిని ఇరవై ఏళ్లపాటు గమనించి 2018లో ఫలితాలు ప్రచురించారు. ఆ పనే వృత్తిగా ఉన్న మహిళల్లోనే కాదు, సొంత ఇల్లు శుభ్రం చేసుకునే మహిళల్లోనూ ఊపిరితిత్తుల శక్తి మిగతావారికన్నా వేగంగా తగ్గినట్టు వాళ్లు చూశారు. ఏడాదికి తగ్గేది కొద్దిగానే. కానీ ఇంటిపనికి రిటైర్మెంట్ లేదు కదా! స్ప్రేలు కొట్టే అలవాటుంటే అదీ మానండి. గుడ్డ మీద పోసుకుని తుడిస్తే ఆ తుంపర ముక్కులోకి పోదు.

ఇక నల్లదుమ్ము. పాతనగరం, జ్ఞానాపురం వైపు నుంచి వచ్చేవాళ్లు గోడకు రాసిన వేలు చూపించి మరీ చెబుతుంటారు. బొగ్గు, ఇనుప ఖనిజం దించే చోటికి దగ్గర్లో ఉన్న ఇంట్లో దుమ్ము లేకుండా చేయడం ఏ ఇల్లాలి వల్లా కాదు. మీరు ఓడిపోతున్నట్టు బాధపడుతున్నారు, కానీ ఇది మీ చేతిలో ఉన్న పందెం కాదు. పైగా ఆ దుమ్ముకు ఫినాయిల్ చేసేదేమీ లేదు. ఫినాయిల్ క్రిముల కోసం. బొగ్గుపొడికి మామూలు నీళ్లు, పిండిన గుడ్డ చాలు.

పొడి చీపురుతో ఊడవడం వీలైనంత తగ్గించండి. ఊడ్చినప్పుడు సన్నటి దుమ్ము లేచి చాలాసేపు గాల్లో తేలుతుంది. మీరు పీల్చాల్సినంతా పీల్చాక మిగిలింది మళ్లీ గచ్చు మీదే వాలుతుంది. అందుకే మధ్యాహ్నానికి మళ్లీ కనబడుతోంది. ముందు తడిగుడ్డతో కిటికీ చువ్వలు, అలమరాల పైభాగం, ఫ్యాను రెక్కలు, ఆఖరున గచ్చు, ఇలా పైనుంచి కిందికి రండి. ఏ వేళ ఏ కిటికీ తెరిస్తే దుమ్ము వస్తుందో నాకన్నా మీకే బాగా తెలుసు. ఆ వేళకు దాన్ని మూసి, రెండోవైపుది తెరవండి. గడప దగ్గర తడిపి పిండిన గోనెపట్టా వేస్తే చెప్పుల దుమ్ము చాలావరకు అక్కడే ఆగుతుంది. రోజుకు ఒకసారి గచ్చు, రెండోసారి కావాలంటే వంటగది వరకే. పండక్కి బూజు దులిపేటప్పుడు మాస్కు పెట్టుకోండి, కర్రకు తడిగుడ్డ చుట్టి దులపండి. దగ్గు తగ్గకపోతే ఈ ఏడాది ఆ పని మీవారిది.

నిజంగా జబ్బులు తెచ్చే చోట్లు గచ్చు మీద తక్కువే. గిన్నెలు తోమే స్పాంజి రోజంతా తడిగా సింకులో పడి ఉంటుంది. ఇంట్లో బాత్రూమ్ కన్నా ఎక్కువ బాక్టీరియా దొరికే చోటు చాలాసార్లు అదే. దాన్ని పిండి ఎండలో ఆరేయండి, తరచూ మార్చేయండి. చేపలు కోసిన కత్తిపీట, పలక సబ్బుతో కడిగాకే కూరగాయల దగ్గరికి రావాలి. కోడిమాంసాన్ని కుళాయి కింద కడిగితే ఆ తుంపరలు చుట్టూ ఉన్న గిన్నెల మీద పడతాయి. కడిగి తీరాలనిపిస్తే గిన్నెలో నీళ్లు పోసి నెమ్మదిగా కడిగి, తర్వాత సింకును, చేతులను సబ్బుతో కడగండి. మన ఊరి ఉక్కకు పరుపుల్లో కంటికి కనబడని దుమ్ము పురుగులు హాయిగా పెరుగుతాయి. దుప్పట్లు, తలగడ గలీబులు వారానికోసారి వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేస్తే మీ దగ్గుకు మూడో తుడుపు కన్నా ఎక్కువ మేలు. డెంగీ దోమ గుడ్లు పెట్టేది మంచినీళ్లలోనే. వారం పదిరోజుల్లో గుడ్డు దోమ అవుతుంది కాబట్టి వారానికోసారి ఫ్రిజ్ వెనక ట్రే, పూలకుండీల కింద పళ్లేలు, నీళ్ల డ్రమ్ములు ఖాళీ చేసి రుద్ది ఆరబెట్టాలి. అద్దంలా మెరిసే ఇంట్లో కూడా ఫ్రిజ్ వెనక ట్రే ఎవరూ చూడరు.

బ్లీచింగ్ అసలే వద్దనడం లేదు. ఇంట్లో ఎవరికైనా వాంతులు, విరేచనాలు అయినప్పుడు అది ఉండాల్సిందే. ఐదు శాతం ద్రవమైతే లీటరు నీళ్లలో 20 మిల్లీలీటర్లు కలిపి, ముందు సబ్బుతో కడిగిన చోట రాసి, పది నిమిషాలు తడిగా ఉంచి, తర్వాత నీళ్లతో కడిగేయండి. ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి. యాసిడ్‌నూ ఫినాయిల్‌నూ కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి ఉంచే అలవాటు మాత్రం వద్దే వద్దు. నీళ్లనుకుని తాగేసిన పిల్లల్ని నేను చూశాను. అలా ఎవరైనా తాగితే వాంతి చేయించకండి. కాలిన గొంతు మళ్లీ కాలుతుంది. సీసా చేత పట్టుకుని నేరుగా ఆసుపత్రికి పరుగెత్తండి.

మీ వేళ్ల సంగతి. చర్మం మీద సహజంగా ఉండే నూనె పొరను సబ్బు, ఫినాయిల్, బ్లీచింగ్ రోజూ గీకేస్తున్నాయి. పనిచేసేటప్పుడు లోపల నూలు గ్లౌజులు, పైన రబ్బరువి వేసుకోండి. చేతులు కడిగిన ప్రతిసారీ తడి పూర్తిగా ఆరకముందే పెట్రోలియం జెల్లీ రాయండి. రాత్రి మందంగా రాసి నూలు గ్లౌజులు తొడుక్కుని పడుకుంటే రెండు మూడు వారాల్లో తేడా తెలుస్తుంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే తామర క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. డాక్టరు చెప్పకుండా వాటిని రాయొద్దు.

ఇప్పుడు మీరు అడగని ప్రశ్న ఒకటి నేను అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. గచ్చు శుభ్రంగా ఉందని కంటికి కనిపిస్తున్నా, మళ్లీ తుడవకపోతే ఏదో చెడు జరుగుతుందని గుండె దడదడలాడుతోందా? ఆపాలని ఉన్నా చేతులు ఆగడం లేదా? అవసరం లేదని మీకే తెలిసిన ఆలోచనలు, పనులు రోజుకు గంటకు పైగా తినేస్తూ ఇంట్లో సుఖం లేకుండా చేస్తుంటే, అది ఓసీడీ అయ్యే అవకాశం ఉంది. అది మీ గుణం కాదు, చాదస్తం అంతకన్నా కాదు. అదొక జబ్బు, దానికి మంచి చికిత్స ఉంది. మాటల ద్వారా, కొద్దికొద్దిగా అలవాటు చేస్తూ ఇచ్చే థెరపీ ఉంది, అవసరమైతే మందులున్నాయి. చినవాల్తేరు ప్రభుత్వ మానసిక చికిత్సాలయం పేరు చెబితే మనవాళ్లు మొహం తిప్పుకుంటారు. బీపీకి పెద్దాసుపత్రి కేజీహెచ్‌కు వెళ్లడం ఎంతో, ఇదీ అంతే. ముందు ఫోన్‌లో మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416, ఏ వేళనైనా ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. దడ ఏమీ లేదు, దుమ్ము మీద విసుగే అంటారా, అయితే పైన చెప్పినవి చాలు.

శుభ్రంగా ఉండాలనుకోవడం ఎంతమాత్రం తప్పు కాదు. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, పురుడు పోసే ముందు వైద్యులు క్లోరిన్ నీళ్లతో చేతులు కడుక్కునేలా చేసి ఎందరో బాలింతల్ని బతికించాడు. ఆయన కడగమన్నది చేతులనే. మీ అబ్బాయికీ అదే నేర్పండి: బయటి నుంచి వచ్చాక, తినే ముందు, దొడ్డికి వెళ్లొచ్చాక సబ్బుతో ఇరవై సెకన్లు. ఆ తర్వాత ఆర్కే బీచ్‌లో ఇసుక గూళ్లు కట్టుకున్నా, వీధిలో గోళీలాడినా ఫర్వాలేదు.

మీ అత్తయ్య గారి మాట మీకు దెప్పినట్టే ఉంటుంది, కానీ ఆవిడా పగలంతా ఆ ఘాటు పీలుస్తున్నారు. మీవారికి ఈ జవాబు చదివి వినిపించండి. బాత్రూమ్ ఆదివారం ఆయన వంతు, తలుపు తెరిచిపెట్టి, ఒక్క సబ్బుపొడితోనే. బాబుకు గదిలో ఒక మూల ఇచ్చేయండి. ఆ మూలలో బొమ్మలు ఎలా పడున్నా మీరు సర్దరు, వాడే శనివారం సర్దుకుంటాడు. వచ్చే ఆదివారం సాయంత్రం వాడి స్నేహితుల్ని నలుగురిని పిలిచి పకోడీలు వేయండి. వాళ్లు వెళ్లాక గచ్చు మీద ముక్కలు, కాళ్ల ముద్రలు ఉంటాయి. పెద్ద ముక్కలు ఏరి, చీమలు పట్టకుండా తడిగుడ్డతో ఆ కాస్త చోటు తుడిచి పడుకోండి. మిగతాది పొద్దున్నే చూసుకోవచ్చు. ఆ రాత్రి నిద్ర పట్టిందో లేదో, కళ్లె పరీక్ష, స్పైరోమెట్రీ రిపోర్టులతోపాటు నాకు రాయండి.