ఫోన్లు ఖాళీ చేస్తానన్నావట, కాస్త ఆగు

నాన్నా,

ఇంట్లో అందరి ఫోన్లలోని ఫొటోలు, వీడియోలు క్లౌడ్‌లోకి ఎక్కించేసి, ఆ తర్వాత ఫోన్లు ఖాళీ చేస్తానన్నావని మీ నాన్న చెప్పాడు. ఇన్నాళ్లకు ఒకడైనా పూనుకున్నాడని ఎంత సంతోషమేసిందో! కానీ ఆ ‘ఖాళీ’ అన్న మాట వినగానే గుండె గుభేలుమంది. ఫోన్‌లో చెబితే సరే సరే అంటావు, అందుకే రాస్తున్నా.

బ్యాకప్ ఆన్ చేయడం నీకు చెప్పక్కర్లేదు. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు అన్నిటికీ కలిపే. ఐక్లౌడ్‌లో 5 జీబీయే. నిండితే బ్యాకప్ ఆగిపోతుంది, చూసుకో. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోల ఫోల్డర్‌ని విడిగా ఆన్ చేయాలి.

ఇక అసలు సంగతి. మీ బాబాయి ఫోన్ ఒకసారి నిండిపోయింది. ఎలాగూ క్లౌడ్‌లో ఉన్నాయి కదా అని గూగుల్ ఫొటోస్ తెరిచి, పాతవన్నీ వేలితో లాగుతూ ఎంచుకుని, చెత్తబుట్ట బొమ్మ నొక్కాడు. హెచ్చరిక వచ్చింది. చదవకుండానే సరే అన్నాడు. అక్కడ తీసేస్తే ఫోన్‌లోనూ పోతాయి, క్లౌడ్‌లోనూ పోతాయి. ట్రాష్‌లో 60 రోజులుంటాయి గానీ ఆ గడువులో ఎవరూ చూసుకోలేదు. తాతయ్య పోయాక, "ఆయన మాట ఒకసారి వినిపించరా" అని నాన్నమ్మ అడిగిన రోజు వెతికితే ఏముంది? నీకు సైకిల్ నేర్పుతూ తాతయ్య "చక్రం వంక కాదురా, ముందుకు చూడు" అని అరిచే వీడియో కూడా అందులోనే పోయింది. ఆ రాత్రి బాబాయి అన్నం ముట్టలేదు. నేనూ ఏమీ అనలేదు, ఏమని ఏం లాభం.

ఫోన్‌నీ క్లౌడ్‌నీ ఒకేలా ఉంచే ఈ సింక్ అద్దం లాంటిది నాన్నా, ఇక్కడ చెరిపితే అక్కడా చెరుగుతుంది. ఐఫోన్‌లో ఐక్లౌడ్ ఫొటోస్ అయినా అంతే. నువ్వు వాడాల్సింది డిలీట్ కాదు, గూగుల్ ఫొటోస్‌లో ఉండే, ఫోన్‌లో స్థలం ఖాళీ చేసే ఆప్షన్. అది బ్యాకప్ అయినవాటిని ఫోన్‌లోంచి మాత్రమే తీస్తుంది. అది నొక్కే ముందు కూడా కంప్యూటర్‌లో లాగిన్ అయి, నాలుగైదు వీడియోలు చివరిదాకా ఆడించి చూడు. హార్డ్ డిస్క్‌లో ఇంకో కాపీ తీసి, వైరు పీకి దాచు. చదవకుండా సరే నొక్కే అలవాటు నీకూ ఉంది, చాలాసార్లు చూశాను. కోప్పడుతున్నానని అనుకోకు. ఇంతమంది జ్ఞాపకాలు నీ చేతిలో పెడుతున్నామంటే నీ మీద నమ్మకం కొద్దే.

పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌కి వచ్చే కోడ్ కూడా అడిగే రెండంచెల వెరిఫికేషన్ అందరికీ పెట్టు. అయితే ఫోనే పోతే ఆ కోడ్ ఎక్కడికొస్తుంది? గూగుల్ ఇచ్చే బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసి, ఇంటి పత్రాలతో పాటు ఉంచు. వాట్సాప్ బ్యాకప్‌కి ఎన్‌క్రిప్షన్, అంటే పాస్‌వర్డ్ లేనిదే ఎవరూ చదవలేని తాళం, పెడితే ఆ పాస్‌వర్డ్ కూడా రాసిపెట్టు. అది పోగొట్టుకుంటే వాట్సాప్ వాళ్లు కూడా తెరవలేరు. అన్ని పాస్‌వర్డ్‌లూ నీ ఒక్కడి బుర్రలోనే ఉంచుకోకు, మీ అమ్మకూ తెలియాలి.

తాతయ్య ఖాతా పాస్‌వర్డ్ నా దగ్గరుంది. రెండేళ్లు ఎవరూ తెరవని ఖాతాని గూగుల్ లోపలున్నవాటితో సహా తీసేయొచ్చు, అందుకే అప్పుడప్పుడూ తెరుస్తుంటాను. నువ్వొచ్చాక ముందు దాన్ని మొత్తం డౌన్‌లోడ్ చేసి డిస్క్‌లోకి ఎక్కించు. మిగతావాళ్ల ఫోన్లు ఆ తర్వాతే ముట్టుకో.

మీ పెదనాన్న